మింగిన దగ్గు

మా ఇంటి ప్రశ్నల పుట్టకి,

అక్క దీవెనలు. నువ్వొచ్చి డబ్బాలు బిగించి వెళ్లినప్పటి నుంచీ రాద్దామనుకుంటూనే ఉన్నాను. మిల్లు నుంచి ఇంటికొచ్చేసరికి చేతులు నూలు కండెలు తప్ప ఇంకేమీ పట్టుకోమంటున్నాయి. ఇవాళ మిల్లుకి కరెంటు లేదు, మీ బావ లారీ తీసుకుని ఎటో పోయాడు, ఇంట్లో అరిచేవాళ్లెవరూ లేరు. అందుకని కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

ముందుగా నీ పరువు సంగతి. దానికేం లోటు లేదు. క్యాంటీన్లో నువ్వు నిలబడి మాట్లాడిన మాటల్లో సగమే మా వాళ్ల బుర్రకెక్కాయి. ఎక్కని సగం నేను ఎక్కించాను. నూలు వడికే హాళ్లు రెండు. రెండింటిలోనూ గోడకి ఒకేలాంటి డబ్బా. ఒకదానిలో గాల్లో ఎగిరే దూది నుసిని పట్టుకునే జల్లెడ ఉంటుంది, రెండోదానిలో ఉత్త ఫంకా తిరుగుతుంది. ఏది ఎక్కడుందో ఎవరికీ తెలియకూడదు. మూత విప్పకూడదు, లెక్క తేలేదాకా ఎవరూ హాలు మారకూడదు. వారానికోసారి నర్సమ్మ వచ్చి దగ్గెలా ఉందని అడిగి రాసుకుంటుంది, ఊపిరి బలం ఎంతుందో కొలవడానికి గొట్టంలోకి ఊదిస్తుంది. రెండు హాళ్లకీ తేడా కనబడితే యజమాని మిల్లంతా డబ్బాలు పెట్టిస్తాడు. నాకు అర్థమైనంతలో ఇదే చెప్పాను. తప్పయితే తిట్టుకో.

"మీరు జబ్బు పడడం తగ్గితే యజమానికీ లాభమే, మీకూ లాభమే" అని నువ్వన్నప్పుడు వెనక బెంచీ నుంచి "ఆయన లాభం ఆయన చూసుకుంటాడులే అమ్మా, మా సంగతి చెప్పు" అని ఒకావిడ అరిచింది గుర్తుందా? ఆమే మా రేడియో వదిన. నా పక్క యంత్రం ఆమెది. నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున ఆమె చెవిన పడిన మాట సాయంత్రానికి గేటు దగ్గర కాపలావాడికి కూడా తెలిసిపోతుంది. మాట్లాడనప్పుడు దగ్గుతుంది, దగ్గనప్పుడు మాట్లాడుతుంది, ఏదో ఒక చప్పుడు ఉండాల్సిందే. ఈమధ్యే ఆమె కోడలు కూడా మా హాల్లోనే పనికి చేరింది.

ఇక నా గొప్పలు విను. "అక్క పనిచేసే హాల్లో ఉత్త డబ్బా పెట్టడానికి మా చెల్లికేమైనా పిచ్చా? అసలుది మనదే" అని మొదటి రోజే చెప్పేశాను. అవతలి హాలు వాళ్లని చూసి జాలి కూడా పడ్డాను. నిజంగానే అందరికీ తగ్గింది. నాకయితే మెట్లెక్కితే వచ్చే ఆయాసం కూడా లేదు. రేడియో వదిన నర్సమ్మతో "అసలు దగ్గే లేదమ్మా, దగ్గడం మర్చిపోయాను" అంది.

ఒక్కటి మాత్రం నా బుర్రకెక్కడం లేదు. మన అమ్మ కాలంలో దారం తెగితే చేత్తో కలిపేది. ఇప్పుడు యంత్రమే కలుపుకుంటుంది. నూలు ఎక్కువొస్తోంది, జీతాలు పెరిగాయి, మన ఇంటికి పైకప్పు వచ్చింది, నీకు చదువొచ్చింది. ఇదంతా సైన్సు చలవే అంటావు, కాదనను. కానీ ఆ వేగానికే నుసీ పెరిగింది. ఇప్పుడు ఆ నుసిని ఊడవడానికి మళ్లీ సైన్సే వచ్చింది. ముల్లుని ముల్లుతోనే తీయాలంటారు, సరే. మొదటి ముల్లు గుచ్చిందీ మీ వాళ్లే కదే? నిన్ను మెచ్చుకోవాలో నిలదీయాలో తెలియక రెండూ చేస్తున్నాను. వేళకి తిను. ఆ కళ్లద్దాల కాడ మార్పించుకో, దారంతో కట్టుకుని తిరుగుతున్నావని మీ బావ నవ్వుతున్నాడు.

ఇట్లు,
నీ పేరు చెప్పుకుని ఊరేగుతున్న అక్క


చెల్లాయికి,

దీవెనలు తర్వాత. ఈసారి నిన్ను తిట్టడానికే కూర్చున్నాను. మొదలుపెడితే ఎక్కడ ఏడుస్తానో అని భయంగా కూడా ఉంది. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను.

వారంలో ఒకరోజు మాకు యంత్రాలు ఆపి తుడిచే రోజు. ఎవరి యంత్రం వాళ్లు తుడుచుకుంటారు. పైనున్న గొట్టాలు, దీపాలు, ఫంకాలు మాత్రం వంతులవారీగా ఒకరే తుడవాలి. దాన్ని నిచ్చెన వంతు అంటాం. పనిలో చేరిన మొదటి రోజే మేస్త్రీ చెప్పే మాట ఒకటుంది: "మరమేకు కనబడితే విప్పు, విప్పితే తుడువు." తుడిచాక వేలితో రాసి చూస్తాడు. నల్లగా అంటిందా, ఆ వేలు మన మొహం ముందు పెట్టి నిలబడతాడు. అందరివీ అయ్యాక మొన్న నా వంతు వచ్చింది. నిచ్చెన ఎక్కాను.

నువ్వు విప్పొద్దన్నావు. విన్నాను, పదిమందికి చెప్పాను కూడా. కానీ చేతికి చెవులుండవు కదా. దీపం విప్పి తుడిచి, ఫంకా విప్పి తుడిచి, పక్కనే ఉన్నదాన్నీ విప్పేశాను. మూత చేతిలోకి వచ్చాక గానీ ఏం చేశానో తెలియలేదు. లోపల జల్లెడ లేదు. గుడ్డ లేదు. చిన్న ఫంకా ఒకటి బుద్ధిగా తిరిగి ఆగినట్టు ఉంది, అంతే. నిచ్చెన మీద అలాగే నిలబడిపోయాను. కింద నుంచి రేడియో వదిన "ఏమే, పైన కాపురం పెట్టావా?" అని అరిస్తే గబగబా మూత బిగించి దిగాను.

నేను నీకు అక్కనేనా? అవతలి హాల్లో నీకు తెలిసినవాళ్లు ఒక్కరు లేరు. వాళ్లకి అసలుది, నాకు ఉత్తది. ఎవరో ఒకరికి ఉత్తది పెట్టాలని నువ్వు చెప్పావు, కాదనను. ఆ ఎవరో నేనే ఎందుకవ్వాలి? అందరిముందూ విర్రవీగాను. నన్ను ఆపి "అక్కా, అంత గట్టిగా చెప్పకు" అని ఒక్క ముక్క రాయలేకపోయావా? ఇంట్లో మీ బావకి కూడా చెప్పలేదు. చెబితే నవ్వుతాడు, ఆ నవ్వు నేను తట్టుకోలేను.

ఇంకో విడ్డూరం విను. మూత విప్పిన మర్నాటి నుంచి నాకు దగ్గు మళ్లీ మొదలైంది. ముందురోజు దాకా లేదు. డబ్బా మారలేదు, గాలి మారలేదు, నేను చూశాను, అంతే. అంటే ఇన్నాళ్లూ తగ్గిందనుకున్నది నా భ్రమా, లేక ఇప్పుడొచ్చింది భ్రమా? దగ్గితే గొంతు నొప్పి పుడుతోంది, ఆ నొప్పి భ్రమ కాదు. నాకు నా ఛాతీ మీదే నమ్మకం పోయింది. ఇదేం చదువే నువ్వు చదివింది?

నా సంగతి పోనీ. ప్యాకింగ్ గదిలో ఒక చోటు ఖాళీ అయింది. అక్కడ నుసి ఉండదు, కిటికీ పక్కన కూర్చుని చేసే పని. రేడియో వదిన దానికోసం మేస్త్రీని ఎంత బతిమాలిందో నేనెరుగుదును. ఇప్పుడు ఆయనే పిలిచి వెళ్తావా అంటే "వద్దండీ, డబ్బా వచ్చాక నాకిక్కడే హాయిగా ఉంది" అందట! వచ్చే తుడిచే రోజుకల్లా ఆలోచించుకుని చెప్పమన్నాడు. ఆ తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తాడు. హాయి ఎక్కడిది? గోడకున్నది ఉత్త డబ్బా. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెప్పకపోతే ఉన్న ఊపిరి కూడా ఈ నుసిలోనే పోగొట్టుకుంటుంది. చెబితే, ఆమె నోరు నీకు తెలుసు, సాయంత్రానికి మిల్లంతా తెలుస్తుంది, నీ లెక్క మట్టిగొట్టుకుపోతుంది, ఎవరికీ డబ్బాలు రావు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తవ్వింది నువ్వు, నిలబడింది నేను. ఏం చేయమంటావో వెంటనే రాయి.

అక్క


పిచ్చి తల్లికి,

నా ఉత్తరం నాకే తిరిగొచ్చింది. దాంతో నువ్వు జతచేసిన చీటీ చదివాను. "అక్కా, 'నిచ్చెన ఎక్కాను' దాకా చదివి మడిచేశాను. మిగతాది ఏమై ఉంటుందో ఊహించడం కూడా నాకు మంచిది కాదు. ఏ హాల్లో ఏ డబ్బా ఉందో నాకూ తెలియదు. మా ఆఫీసులో వేరేవాళ్లు డబ్బాలకి మూతలు బిగించి ఇచ్చారు, వాళ్లే చీట్లు తీసి, కవర్లో పెట్టి సీలు వేశారు. లెక్క తేలాకే విప్పుతారు. అప్పటిదాకా నాకేమీ చెప్పకు. నాకు తెలిస్తే నా కళ్లు నాకు కావలసిందే చూస్తాయి." అంతే రాశావు. బాగున్నావా అని కూడా అడగలేదు.

చీటీ చదివి చాలాసేపు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వండినదానికి తెలియదు, వడ్డించినదానికి తెలియదు, తినేవాళ్లు మాత్రం రుచి చెప్పాలి. ఇదేం వంటే తల్లీ? అయినా గుండెల మీంచి బరువు దిగింది. నన్ను కాదని ఎవరికో పెట్టలేదు నువ్వు. నీ కళ్లకి నువ్వే గంతలు కట్టుకున్నావు. నిన్ను అనరాని మాటలు అన్నాను, నీకు తెలియకుండానే అన్నాను, నీకు తెలియకుండానే క్షమాపణ కూడా చెబుతున్నాను. ఈ ఉత్తరం కవరు మీద 'లెక్క తేలాక విప్పు' అని పెద్దక్షరాలతో రాస్తాను.

కోపం పోయాక ఇంకా కష్టంగా ఉంది. కోపమున్నప్పుడు ఎటు నడవాలో కాళ్లకి తెలుస్తుంది. ఇప్పుడు అన్నీ అయోమయమే. నీ మాట వింటే రేడియో వదిన నుసి పాలవుతుంది. ఆమెకి చెబితే నువ్వు నీ కళ్లు కట్టుకుని చేసిన పనంతా వృథా. నువ్వు చెప్పినట్టు రుజువు దొరికితే ఎన్నో మిల్లుల్లో ఎందరో మనుషులు బాగుపడతారు, నిజమే. వాళ్లెవరో నేను చూడలేదు. ఈమె నా పక్కన నిలబడి గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంటోంది. నేను తక్కువ చదువుకున్నదాన్ని, కనబడే మనిషి దగ్గరే నా లెక్క ఆగిపోతుంది. రేపు చెప్పేస్తాను. నన్ను తిట్టుకో.

నీ అక్క


చెల్లాయికి,

ప్రేమతో రాస్తున్నాను, తల తిరుగుతూ రాస్తున్నాను. దీన్నీ, ముందు రాసినదాన్నీ, నువ్వు తిప్పి పంపినదాన్నీ ఒకే కవర్లో పెడుతున్నాను. నువ్వు చదివేసరికి మీ సీలు విప్పి ఉంటారు. మా గురించి ఏం అనుకున్నా ఇది చదివాక అనుకో.

పని దిగాక తలలో నుసి కడుక్కునే కుళాయి దగ్గర రేడియో వదినని పక్కకి లాగాను.

"వదినా, ఒక మాట చెబుతాను. నోరు మూసుకుని వినాలి."

"నోరు మూస్తే నాకు చెవులు పనిచేయవే. చెప్పు."

"ప్యాకింగుకి వెళ్లిపో. మన డబ్బాలో ఏమీ లేదు. ఉత్త ఫంకా. నేను విప్పి చూశాను."

ఆమె నిదానంగా జుట్టు పిండుకుంది. "డబ్బా వచ్చాక మొదటి నిచ్చెన వంతు ఎవరిది?" అంది.

"నీది."

"మరమేకు కనబడితే విప్పమని నీకొక్కదానికే చెప్పాడా మేస్త్రీ? మేకులు నీ చేతికి అంత తేలిగ్గా ఎలా ఊడొచ్చాయనుకున్నావు?"

మొదటి వారమే ఆమె చూసిందట. రెండో వారం మా హాల్లోనే చేసే పొడుగమ్మ నిచ్చెన దిగినప్పుడు, ఆమె మొహం చూసే తనకీ తెలిసిపోయిందని వదిన కనిపెట్టిందట. ఆ తర్వాత ఒక్కొక్కరూ అలాగే ఎక్కారు, అలాగే దిగారు. ఏ ఒక్కరూ ఎవరితోనూ అనలేదు. నువ్వుగింజ నానని ఆ నోట్లో అంత మాట ఇన్నాళ్లు ఎలా దాగిందే!

"మరెందుకు చెప్పలేదు వదినా?"

"ఏమని చెప్పను? మా చెల్లి, మా చెల్లి అని నువ్వు గంతులేస్తుంటే? నర్సమ్మ అడిగినప్పుడు తగ్గలేదంటే నీ మొహం ఏమయ్యేది? అందుకే బాగుందన్నాం. ఆమె హాల్లో ఉన్నంతసేపూ దగ్గు మింగుతున్నాం. అయినా మార్కులు బాగా పడితేనే కదే యజమాని కొంటాడు?"

"ప్యాకింగ్ ఎందుకొద్దన్నావు మరి?"

"నేను పోతే బాగుందని చెప్పే నోరు ఒకటి తగ్గిపోదూ? నా ఛాతీ ఎలాగూ అయిపోయింది. కోడలు ఇంకా చిన్నపిల్ల, బోలెడంత కాలం ఇక్కడే చెయ్యాలి. దాని నెత్తిమీదైనా అసలు డబ్బా ఉండాలి కదా."

చెల్లీ, ఇది విను. నువ్వు క్యాంటీన్లో చెప్పినది, నేను వీళ్లందరికీ గొప్పగా విడమరిచి చెప్పానని మురిసినది, నాకే అప్పుడు అర్థమైంది. తేడా కనబడాలి. ఉత్త డబ్బా ఉన్న హాలు కూడా బాగుందంటే తేడా ఎక్కడుంటుంది? రెండు హాళ్లూ ఒకటే అని తేలుతుంది, జల్లెడ దండగ అంటాడు యజమాని. ఆమె మింగిన ప్రతి దగ్గూ ఆమె కోడలికి రావలసిన డబ్బాని వెనక్కి నెడుతోంది. ఇది ఆమెతో ఎలా చెప్పను? తప్పక చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది. రెండోసారి వినేటప్పుడు ఆమె మొహం చూడలేక కుళాయి కట్టేస్తున్నట్టు వంగున్నాను.

"అయితే మంచి చెప్పి చెడ్డ చేశామా?" అంది. ఆ తర్వాత ఇంటికెళ్లేదాకా ఆమె మాట్లాడలేదు. నేనెరిగిన ఇన్నేళ్లలో ఆమె పక్కన అలా నడవడం అదే మొదలు.

తుడిచే రోజు యంత్రాలు ఆగాక రేడియో వదినే అందరినీ పిలిచింది. డబ్బా ఖాళీ అనగానే ఒక్కరికీ ఆశ్చర్యం కలగలేదు. "నీకూ తెలుసా?" "నీకెప్పుడు తెలిసింది?" అని ఒకరినొకరు చూసుకుని కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే నవ్వొచ్చింది. తేడా సంగతి నేను చెప్పాక మాత్రం ఒక్కొక్కరూ తలెత్తి ఆ డబ్బా వైపు చూశారు.

"ఇప్పుడు ఉన్నట్టుండి దగ్గుందంటే మాత్రం ఎవరు నమ్ముతారు? డబ్బాల కోసం కూడబలుక్కుని చెబుతున్నారంటాడు యజమాని" అంది పొడుగమ్మ.

"కూడబలుక్కునే కదా ఇప్పుడు మాట్లాడుతున్నాం" అంది ఇంకొకామె.

అబద్ధం చెబితే నీ లెక్క పాడవుతుంది, అందరం కలిసి నిజం చెబుదామనుకున్నా పాడవుతుందేమో. నిన్ను అడుగుదామంటే నీకు చెప్పకూడదు. చివరికి రేడియో వదినే తేల్చింది. "కలపొద్దు, తీయొద్దు. వస్తే దగ్గండి, రాకపోతే ఊరుకోండి. నర్సమ్మ అడిగితే ఎంతుందో అంతే చెప్పండి" అంది. ఇంతలో మేస్త్రీ వచ్చి ప్యాకింగ్ సంగతేం చేశావని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. వెళ్లిపొమ్మని తల ఊపాను, గట్టిగానే ఊపాను. "లెక్క తేలేదాకా ఎవరూ హాలు మారకూడదటండీ" అని చెప్పి తన యంత్రం తుడుచుకోవడానికి వెళ్లిపోయింది. ఆ చోటు నేత విభాగంలో ఒకామెకి ఇచ్చేశారు. ఇప్పుడు కిటికీ పక్కన ఆమె కూర్చుంటోంది.

నిన్న నర్సమ్మ చివరిసారి వచ్చింది. రేడియో వదినే మొదట నిలబడింది. రాత్రిళ్లు నిద్ర లేపే దగ్గు, పొద్దున్నే వచ్చే ఆయాసం, తుడిచే రోజు తర్వాత ఛాతీ పట్టేసే బిగువు, అన్నీ చెప్పింది. నర్సమ్మ పాత కాగితాలు తిరగేసి "పోయినవారం అసలు లేదన్నారు కదండీ?" అంది.

"పోయినవారం మొహమాటపడ్డానమ్మా."

అని అంటూనే దగ్గింది. ఈసారి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోలేదు. వంగి, యంత్రం అంచు పట్టుకుని, ఎంత వస్తే అంత దగ్గింది. ఆమె వెనక పొడుగమ్మ దగ్గింది. ఆ తర్వాత నేను. ఇన్నాళ్లూ నర్సమ్మ ముందు పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్న హాలంతా దగ్గింది. నర్సమ్మ కలం పట్టుకుని బిత్తరపోయి చూసింది. గొట్టం ఊదమన్నప్పుడు ఊదాం. పోయినవారాల్లో కూడా దాన్ని ఊదాం కదా, దానికి మొహమాటం తెలియదు కాబట్టి అది రాసుకున్నదయినా నిజం ఉంటుంది. మా మాటలు పనికిరావనుకుంటే పారేయి, దాని మాట మాత్రం విను.

నువ్వు చేసింది తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తేలలేదు. రోజుకోసారి నువ్వు గొప్పదానివనిపిస్తుంది, రోజుకోసారి నిన్ను ఈ హాల్లో నిలబెట్టాలనిపిస్తుంది. కానీ లెక్క తేలగానే, ఎలా తేలినా సరే, కాగితం పంపించి ఊరుకోకు. నువ్వే రా. ఇంటికి కాదు, ముందు మిల్లుకి రా. రేడియో వదిన నన్ను ఒకటే అడుగుతోంది, పని మధ్యలో యంత్రం ఆపి మరీ అడుగుతోంది. "ఇన్నాళ్లూ నేను మింగిన దగ్గు మీ చెల్లి లెక్కలోకి వస్తుందా, రాదా?" అని. నాకు తెలియదన్నాను. నువ్వొచ్చి ఆమె మొహం చూసి చెప్పు.

ఎదురుచూస్తూ,
నీ అక్క